చూడకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించిన పెళ్లి

పెళ్లిళ్లకు వీడియో తీయడం, తీసిన టేపులను ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడించి చూపడం, ఈ పనితోనే నా జీవితం గడిచింది. ఇప్పుడు భుజం కెమెరాను మోయనంటోంది. దేవరకొండలో దుకాణం మూసేశాను. ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ఒకరు పక్కకు వచ్చి నిలబడతారు. "అంకుల్, నేను గూడ మీ లైన్‌లకే వస్తున్న. ఏం కొనాలె?" అంటారు. ఏం కొనాలో అమ్మేవాడు చెబుతాడు. అదెందుకు కొన్నావని పక్క దుకాణంవాడు అడుగుతాడు. ఆ రెండు మాటల మధ్య చేతిలో డబ్బు అయిపోతుంది. దానికి నా సలహా అక్కర్లేదు.

నేను చెప్పగలిగింది ఈ పనిలో మనుషుల సంగతి. పెళ్లిలో పురోహితుడికి, పాస్టరుకు, ఖాజీకి తలా ఒక ఘడియ ముఖ్యం. మనకు పొయ్యి ముట్టించిన దగ్గర నుంచి పెళ్లికూతురు బండెక్కేదాకా అంతా ముఖ్యమే. ఆ ఇంటివాళ్ల గొప్పలు, అలకలు, పిసినారితనం, ప్రేమ అన్నీ మన అద్దంలో పడతాయి. పడిన వాటిలో కొన్నింటిని చూపాలి, కొన్నింటిని కప్పాలి. తమ తండ్రి మత్తులో బట్టల్లేకుండా పడి ఉంటే చూడకుండా వెనక్కి నడిచి వెళ్లి బట్ట కప్పిన నోవహు కొడుకుల కథ మా సండేస్కూలులో పిల్లలందరికీ చెబుతారు. వీడియో పని నేర్చుకునేవాళ్లకు ముందు ఆ కథ చెప్పాలని నా అభిప్రాయం.

సత్తయ్య సార్

నల్గొండలో సత్తయ్య సార్ దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఎనభైలలో మాట. భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా, దానికి వైరుతో కట్టిన బరువైన డబ్బా, ఎదుటివాడి కళ్లు మూతపడే లైటు, ఇవన్నీ ఆయనవి. మోయడం నాది. టేపులో పడనిది జరగనట్టేనని సార్ నమ్మకం.

ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే ఘడియకు లైటు పోయింది. లైటు వచ్చాక సార్ పురోహితుడి దగ్గరికి వెళ్లి, "అయ్యగారూ, జర మళ్ళొక్కసారి పెట్టియ్యిండ్రి" అన్నారు.

"ముహూర్తం దాటింది సారూ."

"టేపుల దాటలే" అన్నారు సార్. పెట్టించారు కూడా.

ఆ ధైర్యంతోనే మా సంఘంలో జరిగిన పెళ్లిలో బ్యాటరీ అయిపోయిందని పాస్టరు గారిని ప్రార్థన మళ్ళీ మొదటి నుంచి చేయమన్నారు. పాస్టరు గారు కళ్లు తెరవలేదు. "దేవుడు మొదటిసారే విన్నడు సత్తయ్యా" అని ఆమెన్ చెప్పేశారు.

సార్‌కు ఇంకొక అలవాటు ఉండేది. కెమెరా ఆగిందనుకుని మీట నొక్కేవారు, అప్పుడది మొదలయ్యేది. తీస్తున్నాననుకుని నొక్కేవారు, అప్పుడు ఆగేది. భువనగిరిలో ఒక పెళ్లి టేపు ఇంటివాళ్లు పెట్టుకుని చూస్తే తలంబ్రాలు లేవు. సార్ చంకలో వేలాడిన కెమెరా తీసిన చెప్పులు, చాపలు, బంతిలో కూర్చున్నవాళ్ల మోకాళ్లు ఉన్నాయి. వాటి మీద సార్ గొంతు ఉంది: "మటన్ల ఉప్పే లేదు. గింత ఉప్పులేని ఇంటికి పిల్లనెట్ల ఇచ్చిన్రో ఏమో." వాళ్లు మంచివాళ్లు, గొడవ చేయలేదు. రెండో కొడుకు పెళ్లికి కూడా ఆయన్నే పిలిచారు. విస్తరి ముందు కూర్చోబెట్టి పక్కన ఉప్పు పొట్లం పెట్టారు.

సార్ దగ్గర నేర్చుకున్నది ఇది: మీట నొక్కాక కెమెరాలో ఎర్ర గుర్తు చూడాలి. మీట మీద వేలుంటే సరిపోదు. యంత్రాన్ని నమ్మేవాడికి, తన వేలిని నమ్మేవాడికి తేడా ఈ పనిలో చాలా ఉంది.

కంప్యూటర్‌కు ప్రార్థన

పెళ్లయ్యాక దేవరకొండలో సొంతంగా దుకాణం పెట్టాను. మా ఊళ్లో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. వాళ్ల పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు మగవాడు కెమెరా పట్టుకుని పోలేడు. అందుకని నా భార్య మార్తమ్మకు చిన్న హ్యాండీక్యామ్ నేర్పించాను. స్త్రీల సమాజంలో పాటలు ఎత్తుకునేది ఆమే కాబట్టి పదిమందిలో బెరుకు లేదు. కొద్ది రోజుల్లోనే నాకంటే నిలకడగా తీసింది. ఎందుకో అడిగితే, "నీ లెక్క నేను తినే బంతి దిక్కు సూస్త లేను" అంది.

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో హైదరాబాదు నుంచి కంప్యూటర్ తెచ్చాను. కెమెరా వైరు తగిలించుకునే కార్డు అందులో వేయించాను. మా సంఘంలో కొత్త ఇల్లయినా కుట్టుమిషనైనా ప్రార్థన చేయించకుండా వాడరు. పాస్టరు గారు వచ్చారు. చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు.

"దీంట్ల ముఖ్యమైంది ఏదయ్యా? గీ టీవీ అసొంటిదా, గా కింది డబ్బనా?"

"కిందిదే అయ్యగారూ."

"మరి దాన్ని కింద పెట్టినవేంది" అని ఒంగి, డబ్బా మీద ఒక చెయ్యి, టీవీ లాంటి దాని మీద ఒక చెయ్యి పెట్టి ప్రార్థించారు. వచ్చినవాళ్లంతా చెప్పులు గుమ్మం బయట విడిచారు. మార్తమ్మ దాని మీద అల్లిక గుడ్డ కప్పింది. ఆ గుడ్డ వల్లనే అది వేడెక్కి ఆగిపోతుందని నేను ఆమెను ఒప్పించడానికి ఒక ఎండాకాలం పట్టింది.

ఇప్పటివాళ్లకు నమ్మశక్యం కాదు గానీ, అప్పట్లో ఫైలు ఇక్కడి నుంచి అక్కడికి లాగితే వచ్చేది కాదు. గంట టేపు ఎక్కాలంటే గంటసేపు ఆడాల్సిందే. ఆడుతున్నంతసేపూ తెరను కనిపెట్టి ఉండాలి. బొమ్మలు జారిపోతాయి, ఫైలు ఒక పరిమాణం దాటితే తనంతట తానే ఆగిపోతుంది, అప్పుడు వెంటనే ఇంకో ఫైలు మొదలుపెట్టాలి. కళ్లు తిప్పితే పెళ్లిలో ఒక ముక్క పోయినట్టే. ఇది గుర్తు పెట్టుకోండి, కింది కథ అంతా దీని మీదే ఉంది.

ఖాదర్ సాబ్ షరతులు

ఖాదర్ సాబ్‌ది టింబర్ డిపో. మసీదులో మాట చెల్లే మనిషి. ఆయన కొడుకు పెళ్లికి మగవాళ్ల వైపు నేను, ఆడవాళ్ల వైపు మార్తమ్మ తీశాం. పెళ్లి బాగా జరిగింది. ఇంటికి వచ్చాక మార్తమ్మ తీసిన టేపును కెమెరా నమిలింది. బయటికి తీసి, మడతలు సరిచేసి, మళ్ళీ చుట్టాం. మెకానిక్ చూసి, "ఒక్కసారి ఆడుతది. రెండోసారి అడగకు" అన్నాడు. అది కూడా, కెమెరా తలుపును రెండు చేతులతో నొక్కి పట్టుకుంటేనే తిరుగుతుందట.

వేరే టేపయితే పోనిద్దుమేమో. ఇది పోవడానికి వీల్లేదు. కోడలు షాహీన్‌ను పెంచింది మర్రిగూడలో ఉన్న అమ్మమ్మ. అందరూ నానీ అంటారు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆమె నడుము ఒంగి, మెడ బిగుసుకుపోయింది. జీపు కుదుపులకు ఎముకలు ఓర్చవని పెళ్లికి రాలేదు. "నువ్వు రాకున్నా నిన్ను కూసోబెట్టి చూపిస్త" అని షాహీన్ మాట ఇచ్చిందట. పెళ్లికూతురు ఉన్నది మొత్తం ఆడవాళ్ల వైపే, అంటే ఆ ఒక్క టేపులోనే.

ఖాదర్ సాబ్ మా ఇంటికి వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ప్రభుదాస్ భాయ్, పెద్ద క్యాసెట్‌లకు ఎక్కియ్యద్దు. క్యాసెట్‌కు కాళ్లుంటయి. మా ఇంట్లకెల్లి ఇంకో ఇంటికి, ఆడికెల్లి ఇంకో ఊరికి పోతది. మీ కంప్యూటర్‌లకు ఎక్కియ్యి. అదేడికి పోదు. నానీ ఒక్కసారి చూస్తది. ఆ యెంబడే నా ముందట చెరిపెయ్యాలె."

"అట్లనే సాబ్."

"ఇంకోటి. ఎక్కిచ్చేటప్పుడు మగోడు చూడద్దు."

"ఎక్కిచ్చేది నేనే గద సాబ్."

"నువ్వు గూడ మగోనివే గద భాయ్."

"ఎక్కిచ్చేటప్పుడు శబ్దం గూడ బయటికి రావద్దు. మా ఆడోళ్లు పాటలు గీటలు పాడి ఉంటరు" అని కూడా అన్నారు. ఇవి కుదరకపోతే టేపును అప్పుడే తన చేతికి ఇవ్వమన్నారు, కాల్చేస్తానన్నారు. ఆయన కోపంగా అనలేదు. దారిన పోయే బండికి అడ్డం ఉన్న రాయిని పక్కకు జరపమన్నంత మామూలుగా అన్నారు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. కన్యను చూడనని తన కళ్లతో ఒడంబడిక చేసుకున్నానన్న యోబును చిన్నప్పటి నుంచి వాక్యంలో చదువుతున్నవాణ్ణి. పక్క మతంవాడు అదే మాట అడిగితే తప్పెట్లా అవుతుంది? "చూడను సాబ్, మాట ఇస్తున్న" అన్నాను. ఇచ్చాక భయం పట్టుకుంది. చూడకుండా టేపు ఎక్కించడం అంటే కళ్లకు గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే. దారం కూడా ఒక్కసారే దొరుకుతుంది.

దుప్పటి కింద

అనుకున్న రోజు పొద్దున్నే ఖాదర్ సాబ్ వచ్చారు. మా ముందు గదిలో ముగ్గురికి మూడు జాగాలు. మార్తమ్మ తెర ముందు కూర్చుంది. ఆమె మీద, తెర మీద కలిపి మందం దుప్పటి కప్పాం. ఆమె రెండు చేతులూ కెమెరా తలుపు మీదే ఉండాలి కాబట్టి మౌస్ పట్టుకునే పని నాది. నేను కంప్యూటర్‌కు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాను. మౌస్ వైరు పొట్టిది, వెనక నుంచి లాగి నా ముందు స్టూలు మీద పెట్టుకున్నాను. స్పీకర్ల వైరు పీకేశాం. ఖాదర్ సాబ్ నా ఎదురుగా కూర్చుని, చేతిలో తస్బీ పూసలు తిప్పుతూ నా కళ్లవైపు చూస్తున్నారు.

మొదలుపెట్టే ముందు నేను తలవంచి ప్రార్థన చేశాను. ఖాదర్ సాబ్ చేతులెత్తి దువా చేశారు. దుప్పటి లోపలి నుంచి మార్తమ్మ, "తొందరగ ఆమెన్ అనుండ్రి, ఉడికిపోతున్న" అంది.

ముందు టేపు లేకుండా అలవాటు చేసుకుందామనుకున్నాం.

"బాణం యాడుంది?"

"నడిమిట్ల ఉన్నది. కుడికి జరుపు."

జరిపాను.

"కుడికంటె ఎడమకు తెస్తవేందయ్యా."

"నీ కుడికా, నా కుడికా?"

తప్పు నాది కాదు, ఆమెది కాదు. నేను వెనక్కి తిరిగి ఉన్నాను, మౌస్ తోక మాత్రం కంప్యూటర్ వైపే ఉంది. నా కుడి తెరకు ఎడమ అవుతోంది. అప్పుడు మార్తమ్మకు ఒక ఆలోచన వచ్చింది. తీర్పు దినాన ప్రభువు గొర్రెలను కుడివైపు, మేకలను ఎడమవైపు నిలబెడతాడు. మా సంఘంలో పసిపిల్లలకు కూడా అందులో పొరపాటు రాదు.

"కుడి ఎడమలు వద్దు. గొర్రెల దిక్కు అంటె గిటు, మేకల దిక్కు అంటె గటు. ఇగ గొర్రెల దిక్కు జరుపు."

నేను ఆలోచనలో పడ్డాను. "ప్రభువు ఎటు మొఖం చేసి కూసున్నడు? తెరల నుంచి మన దిక్కు చూస్తున్నడా, నీ పక్కన కూసొని తెర దిక్కు చూస్తున్నడా?"

"నా పక్కన్నే ఉన్నడు."

"సింహాసనం మీద ఉన్నోడు ఎదురుంగ ఉంటడు గని పక్కన ఉంటడానే?"

"నేను దుప్పట్ల ఉడుకుతుంటె నా పక్కన ఉండక నీ పక్కన ఉంటడా?"

ఈ వాదన ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. ఖాదర్ సాబ్ తస్బీ ఆపారు.

"ప్రభుదాస్ భాయ్, గొర్లు మేకలు బక్రీద్‌కు చూసుకుందాం. గీ దిక్కు బజారున్నది. గా దిక్కు మీ వంటిల్లున్నది. చెల్లె బజారుకు అంటె బజారు దిక్కు జరుపు, వంటింట్లకు అంటె వంటిల్లు దిక్కు జరుపు. ఎవరెటు కూసుంటె ఏంది, బజారు జరగదు గద."

అద్భుతంగా పనిచేసింది. పైకి అంటే నా పొట్టవైపు, కిందికి అంటే గోడవైపు. చూపు లేని ఇస్సాకు కొడుకును తడిమినట్టు మౌస్‌ను తడుముకుంటూ రెండుసార్లు మీట దాకా పోయి వచ్చాను. ఇక టేపు పెట్టాం.

అది తిరిగినంతసేపూ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. దుప్పటి లోపల మార్తమ్మ ఒక్కతే చూస్తోంది. అప్పుడప్పుడు తనలో తనే నవ్వుతోంది. నాకు ప్రాణం లాగేది. "ఏమైంది?" అంటే, "నీకు చెప్పేది కాదు" అనేది. ఖాదర్ సాబ్ తల ఊపేవారు, సరైన జవాబు అన్నట్టు.

సగం దాటాక ఆమె గొంతు మారింది.

"ఓ అయ్యా. బొమ్మ ఆగింది. చిన్న పలక అసొంటిది వచ్చింది, ఇంగ్లీషుల."

ఫైలు నిండిపోయిందన్నమాట. కెమెరాలో టేపు ఆగకుండా తిరిగిపోతోంది. ఆపితే మళ్ళీ నములుతుంది. ఆపకపోతే పెళ్లి పోతోంది. "కింద మీటుంటది, బాణం ఆడికి తేవాలె, చెప్పు" అన్నాను.

"బజారుకు. ఇంకా. ఇంకా. ఎక్కువైంది, వంటింట్లకు జర. కిందికి."

"బజారుకా?"

"వంటింట్లకు అన్న గద."

ఖాదర్ సాబ్ కుర్చీలోంచి లేచారు. తెర ఆయనకూ కనబడదు, ఏం జరుగుతోందో తెలియదు, అయినా గిత్తలను తోలినట్టు చేతులు ఊపుతున్నారు. "వంటింట్లకు భాయ్, వంటింట్లకు. చెల్లె చెప్పేది ఇను. దేవరకొండ బజారంత తిప్పుతున్నవు ఆ బాణాన్ని."

"నొక్కు" అంది మార్తమ్మ. నొక్కాను. "పలక పోయింది. మళ్ళా మీద ఉన్న మొదలుపెట్టే మీటకు. పైకి, పైకి. నొక్కు." నొక్కాను.

"బొమ్మ కదిలింది" అంది.

ఖాదర్ సాబ్ కూర్చుని నుదురు తుడుచుకున్నారు. టేపు చివరిదాకా ఆడింది. ఆఖరున కెమెరా లోపల కరకరమని చప్పుడైంది. మెకానిక్ అబద్ధం చెప్పలేదు. తీసి చూస్తే టేపు చివర జడలా అల్లుకుని ఉంది. ఇప్పుడు షాహీన్ పెళ్లి అంతా మా కంప్యూటర్‌లో ఉంది, ఇంకెక్కడా లేదు. శబ్దం పడిందో లేదో మాకే తెలియదు, ఎందుకంటే వినడానికి వీల్లేదు.

ఇందులో మీరు నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా అంటే, ఉంది. ఇంటివాళ్లు పెట్టే షరతు ఎంత వింతగా అనిపించినా వాదించకండి. దానికి లోబడి పని ఎట్లా అవుతుందో చూడండి. నేను వాదించి ఉంటే ఖాదర్ సాబ్ బయటే ఉండేవారు. ఒప్పుకున్నాను కాబట్టి నాతోపాటు చెమటలు కార్చారు. ఎదుటివాడికి కూడా మన పనిలో చెమట పడితే ఆ పని అతనిది కూడా అవుతుంది.

మర్రిగూడ

ఎక్కడికీ పోదన్న కంప్యూటర్‌ను మర్రిగూడకు తీసుకుపోవాల్సి వచ్చింది. జీపులో పరుపు వేసి తెరను పడుకోబెట్టాం. కింది డబ్బాను ఖాదర్ సాబ్ ఒళ్లో పెట్టుకున్నారు, పెళ్లి ఉన్నది అందులోనే కాబట్టి ఇంకెవరికీ ఇవ్వనన్నారు. దారి నిండా గుంతలు. నేను తెరను పట్టుకోబోతే, దేవుని మందసం ఒరిగిందని చెయ్యి వేసినవాడు అక్కడే చచ్చాడు, తెలుసు కదా అంది మార్తమ్మ. చెయ్యి తీసేశాను.

నానీ ఇంటి ముందు జీపు ఆగింది. డబ్బా, తెర, వైర్లు ఒక్కొక్కటే దించుతుంటే జనం మూగారు. లోపల అన్నీ అమర్చి, మార్తమ్మను, ఆడవాళ్లను వదిలి, నేనూ ఖాదర్ సాబ్ బయటికి వచ్చేసరికి గుమ్మం ముందు వరుస కట్టి ఉన్నారు. కొందరి చేతుల్లో సీసాల నిండా బోరు నీళ్లు. ఒక పెద్దాయన నన్ను చూడగానే పెదవి పైకెత్తి గార పట్టిన పళ్లు చూపించాడు. ఆ ఊరికి జీపులో వైర్లున్న డబ్బా వచ్చిందంటే ఒక్కటే అర్థం, నీళ్లు పరీక్ష చేసే సార్లు వచ్చారని.

"మేము సర్కారోళ్లం కాదు పెద్దమనిషి. పెళ్లి వీడియో చూపెట్టనీకె వచ్చినం" అన్నాను.

"పోయినసారి వచ్చినోళ్లు గూడ ఏమేమో చెప్పిన్రు సారూ. సీసలైతె తీస్కపోయిన్రు. నువ్వు గూడ తీస్కపో, నీ సొమ్మేం పోయింది."

"తీస్కపోయి ఏం చెయ్యాలె?"

"వాళ్లేం చేసిన్రో గదే చెయ్యి."

లోపల ఇంకో ఇబ్బంది వచ్చింది. బల్ల మీద పెట్టిన తెరను నానీ చూడలేకపోతోంది. ఆమె మెడ పైకి లేవదు. ఆమె చూపు నేలమీదే ఉంటుంది. గోడ అవతల నుంచి మార్తమ్మ చెబితే నేను ఆలోచించి, తెరను నేల మీద పెట్టి దిండ్లతో పైకి వాల్చమన్నాను. దిండ్లు సరిపోక వడ్ల బస్తా వాడారు. చివరికి బావిలోకి తొంగిచూసినట్టు నానీ పెళ్లిలోకి తొంగిచూసింది.

కిటికీకి పరదా కట్టి ఉంది. మేము దాని పక్కన అరుగు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆ వారమంతా మౌస్ నేర్చుకున్న మార్తమ్మ ఫైలు తెరిచింది. నానీ గొంతు బయటికి వినబడింది.

"ఏం బేటీ, గిది అగ్గిపెట్టంత ఉన్నది. దీంట్ల నా షాహీన్ ఎట్ల పట్టింది?"

"పెద్దగ చెయ్యొచ్చు నానీ. గని పెద్దగ చేస్తె ఆగాగి నడుస్తది."

"పెద్దగనే చెయ్యి. ఆగాగి నడవనీ, నేను గూడ గట్లనే నడుస్త."

లోపల అందరూ నవ్వారు. ఆ తర్వాత బొమ్మ కదులుతున్నట్టుంది గానీ చప్పుడు లేదు. ఖాదర్ సాబ్ నావైపు చూశారు. నేను గోడకేసి, "కింద మూలకు స్పీకరు బొమ్మ అసొంటిది ఉంటది, నొక్కు" అన్నాను. నానీ మూగ పెళ్లి చూస్తుందేమోనని భయం.

ఒక్కసారిగా డోలక్ వినబడింది. గాజుల చప్పుడు, పిల్లల అరుపులు, ఎవరో ఎవరినో కూర్చోమనడం. నానీ ఒక్కొక్కరి పేరూ పట్టి పలకరిస్తోంది. "గీమె గింత లావైందేంది. అల్లా, నా బిడ్డ తల వంచుకొని కూసున్నది. తల ఎత్తు బేటీ, నేను తల ఎత్తలేను, నువ్వన్న ఎత్తు." మార్తమ్మ తర్వాత చెప్పింది, నానీ వేలితో తెర మీద షాహీన్ ముఖాన్ని తుడుస్తూ కూర్చుందట.

షాహీన్ మాట నిలబడింది. నేను మనసులో దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

అప్పుడే లోపల ఒక పాట మొదలైంది. పెళ్లిలో ఆడవాళ్లు మగవాళ్లను ఆటపట్టిస్తూ పాడే పాట. గొంతు మందంగా, వెచ్చగా, ఎక్కడా తడబడకుండా ఉంది. పెళ్లికొడుకు తండ్రి మీద పాట. ఆయన టోపీ మీద, కోపం మీద, కట్టెల లెక్క చూసేటప్పుడు ఆయన ముక్కు చివరికి జారే కళ్లద్దాల మీద. చరణం చివర ఆడవాళ్లంతా విరగబడి నవ్వుతున్నారు.

ఖాదర్ సాబ్ తస్బీ ఆగింది.

"ఎవరది పాడేది?" అన్నారు కిటికీవైపు.

మార్తమ్మ లోపలి నుంచే చెప్పింది. "మీ ఇంటామెనే సాబ్. రజియా బేగం."

ఆయన నెమ్మదిగా, "ఇంట్ల ఎన్నడు పాడలే" అన్నారు.

"ఎన్నడన్న అడిగిన్రా?" అంది మార్తమ్మ.

ఆయన నావైపు తిరిగారు. "ప్రభుదాస్ భాయ్, నువ్వు జర అటు పోయి ఆ నీళ్లోళ్లతోని మాట్లాడు."

పోయాను. సీసాలవాళ్లను పంపించలేకపోయాను. చివరికి ఒక సీసా తీసుకుంటే గానీ మిగతావాళ్లు కదల్లేదు. నల్గొండలో ఎవరికైనా ఇస్తానని మాట ఇచ్చి, జీపులో పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఖాదర్ సాబ్ అరుగు మీద లేరు. కిటికీ కిందే నిలబడి ఉన్నారు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని.

లోపల అంతా అయిపోయింది. మార్తమ్మ గట్టిగా అడిగింది. "అయిపోయింది. సాబ్ చెప్పినట్టు చెరిపెయ్యాల్నంటె ఏడ నొక్కాలె?"

నేను ఖాదర్ సాబ్ ముఖం చూశాను. షరతు ఆయనది, మాట నాది. చెప్పాల్సింది ఆయన.

ఆయన గొంతు సవరించుకున్నారు. "నానీని అడుగు చెల్లె. మళ్ళొకసారి చూడాల్ననుకుంటదేమో."

"చాలు బేటా, కడుపు నిండ చూసిన" అంది నానీ. "మెడ నొస్తాంది. చెరుపుకోండ్రి."

"జర ఆలోచించుకొమ్మను. పెద్ద మనిషి, తొందరెందుకు."

లోపల గుసగుసలు, గాజుల చప్పుడు, అణచుకున్న నవ్వు. ఆ తర్వాత నానీ గొంతు, మునుపటికంటే గట్టిగా, కిటికీ దాటి బయటికి వచ్చేటట్టు వినబడింది.

"బేటీ మార్తమ్మా, నేను చూసుడైతె అయింది. గని మా వియ్యంకుడు ఇంకా వినుడు కాలేనట్టుంది. ఆ పాట కాడికి తిప్పి పెట్టు. చెరిపేది మల్ల చూసుకుందాం."

ఖాదర్ సాబ్ అరుగు మీది కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.